ఒక్క పద్యం, పది గొంతులు

కనిగిరి, పామూరు, పొదిలి వైపు పద్యనాటకానికి కూర్చునేవాళ్ళు కథ కోసం కూర్చోరు. రాయబారం ఎలా ముగుస్తుందో, కాటిసీనులో హరిశ్చంద్రుడు కత్తి ఎత్తాక ఏం జరుగుతుందో అందరికీ తెలిసిందే. వాళ్ళు వినడానికి వచ్చింది తేడా. నిరుటి తిరునాళ్ళలో పాడిన కృష్ణుడు రెండో పాదం ఎక్కడ విరిచాడు, ఈయన ఎక్కడ విరిచాడు? ఆయన మోహనలో ఎత్తుకున్న పద్యాన్ని ఈయన కల్యాణిలో ఎందుకు ఎత్తుకున్నాడు? చివరి రాగం తీసేటప్పుడు ఊపిరి నిలిచిందా, హార్మోనియం ఆదుకుందా? తెల్లారి టీకొట్టు దగ్గర నడిచే పంచాయితీ అంతా దీని మీదే.

పెట్టెల కొద్దీ రికార్డులు కొనే అభిమాని ప్రపంచంలో ఎక్కడున్నా ఈ జాతివాడే. అమెరికాలో జానపద, కంట్రీ బాణీల వేళ్ళ మీద మొలిచిన రాక్ సంగీతాన్ని అమెరికానా అంటారు. ఆ దారిలో బయల్దేరిన చికాగో బ్యాండు విల్కో, 2002లో ‘యాంకీ హోటల్ ఫాక్స్‌ట్రాట్’ అనే ఆల్బం విడుదల చేసింది. అందులో ఉన్నవి పదకొండు పాటలు. ఇరవై ఏళ్ళ తర్వాత, 2022లో, అదే ఆల్బం ఎనిమిది సీడీల పెట్టెగా మళ్ళీ వచ్చింది. కొత్తగా చేరినవాటిలో ఎక్కువ భాగం అవే పాటల తొలి రూపాలు, పక్కన పెట్టేసిన ప్రయత్నాలు, ఒక కచేరీ. ఒకే పాటను అన్నిసార్లు ఎవరు వింటారని బయటివాళ్ళు నవ్వొచ్చు. ఒకే సీనును ముగ్గురు కృష్ణులతో చూసిన మనవాళ్ళు మాత్రం నవ్వరు.

రికార్డుల సెట్టు మనకూ కొత్త కాదు. 78 వేగపు ప్లేట్ల కాలంలో హెచ్‌ఎంవీ, కొలంబియా, ఓడియన్ వంటి కంపెనీలు తెలుగు నాటకాలను సెట్లుగా అమ్మాయి. పది అంగుళాల ప్లేటు ఒక పక్క సుమారు మూడు నిమిషాలు తిరుగుతుంది. అంటే అయిదు ప్లేట్ల సెట్టుకు పది పక్కలు, మొత్తం అరగంట. రాత్రంతా ఆడే నాటకాన్ని ఆ అరగంటలోకి దించాలి. ఆ దించడంలోనే అసలు పనితనం ఉంది.

తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగంలో నిండుసభలో కృష్ణుడు సంధి మాట ఎత్తే ఉత్పలమాలనే తీసుకోండి. పాదానికి ఇరవై అక్షరాలు, నాలుగు పాదాలకు ఎనభై. ఊరికే చదివితే అర నిమిషం చాలు. రంగస్థలం మీద నటుడు రాగం తీసి, మాటను తిప్పి తిప్పి, జనం ‘ఒన్స్ మోర్’ అంటే మళ్ళీ మొదలుపెడితే పావుగంటైనా పట్టొచ్చు. ప్లేటు మీద ఉన్నవి మూడు నిమిషాలే. అందుకని గాయకుడు ముందే లెక్క వేసుకోవాలి. ఎత్తుగడలో ఆలాపన తగ్గించాలి. మొదటి మూడు పాదాలు మాట తెలిసేలా నడిపి, బలమంతా నాలుగో పాదానికి దాచుకోవాలి. ఆఖరి రాగం గీత అయిపోయేలోపు దిగాలి. సీసపద్యమైతే ఇరకాటం ఇంకా ఎక్కువ. నాలుగు పెద్ద పాదాలు, వాటి కింద గీతం కలిస్తే ఒక పక్క నిండిపోతుంది, సంగతులకు చోటు మిగలదు. సంభాషణ ఏ పక్కన తెగాలి, తర్వాతి పక్క ఏ మాటతో అందుకోవాలి అన్నదీ ఆలోచించాల్సిందే. సరైన చోట తెగితే ప్లేటు తిప్పే ఆ కాస్త వ్యవధి కూడా నాటకంలో భాగమవుతుంది.

యంత్రం పెట్టిన షరతులు వేరే ఉన్నాయి. 1925కు ముందు రికార్డింగుకు మైకు లేదు. గాయకుడు కొమ్ము లాంటి గొట్టంలోకి పాడాలి. మెల్లగా అన్న మాట మైనం మీద పడదు, మరీ గట్టిగా అరిస్తే సూది గీత తప్పుతుంది. కరెంటు రికార్డింగు వచ్చాకే గొణుగుడూ, నిట్టూర్పూ ప్లేటుకు ఎక్కాయి. వెనక వరసకు వినబడాలని హెచ్చు శ్రుతిలో పాడటం అలవాటైన నటుడు, స్టూడియోలో గొంతు దించడం నేర్చుకోవాల్సి వచ్చింది. ఇక ప్లేటు సంగతి. మార్కాపురం పలకలా నల్లగా నిగనిగలాడేది, జారిపడితే అలాగే పగిలేది. పోలిక రంగుతో ఆగదు, ప్లేటు చేసే ముద్దలో లక్కతో పాటు రాతిపొడీ కలిపేవారు. ఆ పొడి ఉక్కు సూదిని అరగదీస్తుంది కాబట్టి పక్కకొక సూది మార్చడం ఇంట్లోవాళ్ళ పని.

ప్లేటు వల్ల మేలు ఎంత జరిగిందో కీడూ అంత జరిగింది. నాటకం చూడటానికి పెద్ద ఊరు పోలేనివాళ్ళకు మైకుసెట్టు పుణ్యమా అని పెళ్ళిపందిట్లోనే పద్యాలు వినిపించాయి. పల్లెల్లో వేషం కట్టే కుర్రాళ్ళకు ప్లేటే గురువైంది. ఫలానా పద్యం ఫలానా రాగంలోనే, ఫలానా చోటే విరవాలి అన్న ‘రికార్డు బాణీ’ పుట్టిందీ అప్పుడే. మూడు నిమిషాల ఇరుకులో ఒక గాయకుడు సర్దుకున్న తీరు తర్వాతివాళ్ళకు శాసనమై కూర్చుంది. ఒక్క రికార్డు బాణీని గడ్డకట్టిస్తుంది. అదే పద్యం పది గొంతుల్లో పక్కపక్కన వినిపించే సెట్టు ఆ గడ్డను కరిగిస్తుంది.

ఈ సంగతి మన కాంట్రాక్టు నాటకాలకు ముందే తెలుసు. పడక సీనుకు ఒక కృష్ణుడు, రాయబారానికి ఇంకో కృష్ణుడు, యుద్ధానికి మరొకరు. పీసపాటి నరసింహమూర్తి, షణ్ముఖి ఆంజనేయరాజు, ఏ.వి. సుబ్బారావు ఎవరికి వారే కృష్ణులు, ఎవరి అభిమానులు వారికి. పీసపాటి పద్యంలో మాట పలుకుబడికి మురిసినవాళ్ళు ఉన్నారు, షణ్ముఖి గాత్రానికి తల ఊపినవాళ్ళు ఉన్నారు. పాత్ర ఒకటే, గొంతులు మూడు. పోల్చుకోవడమే ఆ రాత్రి పండగ.

ఎల్పీ రికార్డులు వచ్చాక ఒక పక్క ఇరవై నిమిషాలు దాటింది, సీను మొత్తం ఎక్కింది. 1980ల నాటి క్యాసెట్లలో గంటా, గంటన్నరా పట్టింది. దానికి మించి, జేబులో ఇమిడే టేప్‌రికార్డరు రంగస్థలం ముందుకొచ్చి కూర్చుంది. కంపెనీ ప్లేటులో లేనివన్నీ ఆ క్యాసెట్లలో ఉన్నాయి: జనం ఈలలు, ఒన్స్ మోర్‌లు, రెండోసారి పాడినప్పుడు మారిన సంగతి, తెల్లవారుజామున బొంగురుపోయిన గొంతు. విల్కో పెట్టెలో అభిమానులు డబ్బిచ్చి కొన్నది కూడా ఈ సరుకే.

ఇప్పుడు మనకు లేనిది పాట కాదు, కూర్పు. అమెరికాలో 1952లో హ్యారీ స్మిత్ అనే ఆయన, దాదాపు పాతికేళ్ళ వెనకటి 78 ప్లేట్లను సొంత పోగులోంచి ఏరి, 84 పాటలను ఆరు ఎల్పీలుగా కూర్చాడు. ఫోక్‌వేస్ సంస్థ దాన్ని ప్రచురించింది. కొత్తగా ఒక్క పాటా రికార్డు చేయలేదు. కథాగీతాలు, ఆటపాటలూ భక్తిపాటలూ, మిగతా పాటలు అని మూడు భాగాలు చేసి, పాటల కథలను పత్రికా శీర్షికల్లా కుదించి ఒక చిన్న పుస్తకం జతచేశాడు. తర్వాతి తరం అమెరికన్ జానపద గాయకులకు అదే పాఠ్యపుస్తకమైంది. పాత ప్లేట్లు అంతకుముందూ ఉన్నాయి. వాటిని ఏ వరసలో వినాలో చెప్పినవాడు ఆయన.

మన పెట్టె ఎలా ఉండాలి? నన్నడిగితే మొదటి పెట్టెలో నాటకమంతా వద్దు. పాండవోద్యోగం సభలో కృష్ణుడు రాబోయే యుద్ధాన్ని కళ్ళకు కట్టించే శార్దూల పద్యం ఒక్కటి చాలు: పాతకాలపు ప్లేటులో, ఎల్పీలో, స్టూడియో క్యాసెట్‌లో, కనిగిరి వైపు ఏదో తిరునాళ్ళలో పట్టిన రికార్డింగులో. ఒక్కోదాని పక్కన శ్రుతి ఎంత, రాగం ఏది, పాదం ఎక్కడ విరిగింది, హార్మోనియం ఎవరిది అన్న నాలుగు ముక్కలు రాయాలి. హార్మోనిస్టు పేరు తప్పకుండా ఉండాలి. గాయకుడి పేరు జనం గుర్తుపెట్టుకుంటారు, ఆయన్ను మోసినవాడి పేరు కాగితం మీద లేకపోతే పోతుంది.

ఇందుకు కంపెనీ కోసం కాచుకోనక్కర్లేదు. టేపుకు బూజు పడుతుంది, పూత రాలుతుంది, కాబట్టి బీరువాలో ఉన్న క్యాసెట్లను ముందు కంప్యూటర్‌లోకి ఎక్కించాలి. ఎక్కించేటప్పుడు ఈలలూ గోలా కోసేయకూడదు. ఆ నాటకాలు చూసిన పెద్దవాళ్ళను పక్కన కూర్చోబెట్టుకుని ఏ ఊరు, ఏ పండగ, ఎవరెవరు అన్నది అడిగి రాసుకోవాలి. గొంతులు టేపు మీద ఇంకొంత కాలం బతుకుతాయి. ఫలానా కృష్ణుడు ఫలానా రాత్రి ఎందుకు గెలిచాడో చెప్పగలిగేది విన్నవాళ్ళే. పెట్టె పని వాళ్ళ దగ్గర మొదలవ్వాలి.