జంట పేరు – ఎవరి సంతకం? రాజ్–కోటి, టియర్స్ ఫర్ ఫియర్స్ ప్రస్థానాలలో సంగీత కర్తృత్వం

వ్యాస సంగ్రహం:
ఇద్దరు కలిసి చేసిన సంగీతంలో ఎవరి వాటా ఎంత అన్న ప్రశ్న తెలుగు సినిమా సంగీత విమర్శలో తరచు వినిపిస్తుంది. ఆధారాలతో సమాధానం చెప్పిన సందర్భాలు మాత్రం తక్కువ. 1983లో ప్రస్థానం ఆరంభించిన తెలుగు జంట స్వరకర్తలు రాజ్–కోటిని, అదే సంవత్సరం తొలి ఆల్బమ్ వెలువరించిన బ్రిటిష్ న్యూవేవ్ బృందం టియర్స్ ఫర్ ఫియర్స్‌ను పక్కపక్కన పెట్టి, జంట పేరు వెనుక ఉన్న కర్తృత్వాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. రెండు చోట్లా పని సమష్టిదే అయినా, దాన్ని నమోదు చేసిన పద్ధతి వేరు. ఈ తేడాకు మూలం కళాకారుల స్వభావంలో కంటే హక్కుల వ్యవస్థలో ఉందని వ్యాసం ప్రతిపాదిస్తుంది. శ్రోత వైపు నుంచి ఈ సమస్యను చూడడానికి కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతమైన నందిగామ, జగ్గయ్యపేటలను ఉదాహరణగా గ్రహిస్తుంది.

కీలక పదాలు: రాజ్–కోటి, టియర్స్ ఫర్ ఫియర్స్, న్యూవేవ్, సంయుక్త కర్తృత్వం, సింథసైజర్, క్యాసెట్ సంస్కృతి, కృష్ణా జిల్లా మెట్ట.

1. ఉపోద్ఘాతం:
జంట స్వరకర్తల ప్రస్తావన వచ్చినప్పుడు మన విమర్శలో ఒక అలవాటు కనిపిస్తుంది. బాణీ ఒకరిదని, వాద్యసంయోజన మరొకరిదని పంచిపెట్టడం ఆ అలవాటు. శంకర్–జైకిషన్, విశ్వనాథన్–రామమూర్తి, రాజ్–కోటి అనే మూడు జంటల విషయంలోనూ ఇలాంటి పంపకాలు వినిపిస్తాయి. ఇవి చాలావరకు సన్నిహితుల జ్ఞాపకాల మీద, అభిమానుల ఊహల మీద ఆధారపడినవి. ఒకసారి అచ్చులోకి ఎక్కిన తరువాత అవి ఒక సిద్ధాంత గ్రంథం నుంచి మరొకదానికి ప్రయాణించి, క్రమంగా ప్రమాణాల హోదా పొందుతాయి.

ఈ అలవాటును ప్రశ్నించడానికి బయటినుంచి ఒక కొలమానం అవసరం. 1970ల చివర పంక్ సంగీతం వెనువెంట బ్రిటన్‌లో వచ్చిన న్యూవేవ్ ధోరణి అందుకు తగినది. చిన్న నిడివి పాట, సింథసైజర్ ధ్వని, డ్రమ్ మెషీన్ లయ, వీడియో ద్వారా ప్రచారం దాని ముఖ్య లక్షణాలు. ఇద్దరు ముగ్గురు వ్యక్తులు యంత్రాల సహాయంతో ఒక పెద్ద వాద్యబృందం చేసే పని చేయగలరన్న నమ్మకం ఆ ధోరణికి పునాది. తెలుగులో అటువంటి నమ్మకంతో పనిచేసిన తొలి ముఖ్యమైన జంటలలో రాజ్–కోటి ఒకటి. అయితే బ్రిటిష్ బృందం ప్రభావం తెలుగు జంట మీద ఉందని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. ఒకే కాలంలో, ఒకే రకపు సాధనాలతో పనిచేసిన రెండు జంటల పనిని రెండు సమాజాలు ఎలా నమోదు చేశాయన్నదే ఇక్కడి పరిశీలనాంశం.

2. టియర్స్ ఫర్ ఫియర్స్: ఇద్దరి పేరు, నలుగురి పని:
ఇంగ్లండ్‌లోని బాత్ నగరానికి చెందిన రోలండ్ ఓర్జబాల్, కర్ట్ స్మిత్ అంతకుముందు గ్రాడ్యుయేట్ అనే బృందంలో కలిసి పనిచేశారు. 1981లో టియర్స్ ఫర్ ఫియర్స్‌ను ఏర్పరచారు. బాల్యంలో అణచిపెట్టుకున్న వేదనను ఏడుపు ద్వారా బయటికి తేవాలని చెప్పిన మనస్తత్వవేత్త ఆర్థర్ జానోవ్ ఆలోచనల నుంచి ఈ పేరు పుట్టింది. 1983లో వచ్చిన తొలి ఆల్బమ్ 'ది హర్టింగ్' బ్రిటన్‌లో మొదటి స్థానానికి చేరింది. 1985 నాటి 'సాంగ్స్ ఫ్రమ్ ది బిగ్ చైర్' వారిని అంతర్జాతీయ ఖ్యాతికి చేర్చింది. అందులోని 'షౌట్', 'ఎవ్రిబడీ వాంట్స్ టు రూల్ ది వరల్డ్' రెండూ ఆ సంవత్సరం అమెరికాలో అగ్రస్థానంలో నిలిచాయి.

బయటికి ఇద్దరుగా కనిపించిన ఈ బృందంలో కీబోర్డు వాదకుడు ఇయాన్ స్టాన్లీ, డ్రమ్మర్ మానీ ఎలియాస్ కూడా ఆ కాలంలో భాగస్వాములు. నిర్మాత క్రిస్ హ్యూస్ పాత్ర అంతకన్నా తక్కువది కాదు. 'షౌట్' రచయితలుగా ఓర్జబాల్, స్టాన్లీల పేర్లు నమోదయ్యాయి. 'ఎవ్రిబడీ వాంట్స్ టు రూల్ ది వరల్డ్' విషయంలో వారిద్దరితోపాటు హ్యూస్ పేరు కూడా ఉంది. ఆ పాటను ప్రధానంగా పాడిన స్మిత్ పేరు మాత్రం రచయితల జాబితాలో లేదు. మన పరిభాషలో తిశ్రగతి అనదగిన ఊగు నడక మీద సాగే ఆ పాటను ప్రపంచం స్మిత్ గొంతుతోనే గుర్తుపెట్టుకుంది. గొంతు ఒకరిది, రచన ముగ్గురిది, పేరు ఇద్దరిది. ఇంత చిక్కు ఉన్నా పరిశోధకుడికి గందరగోళం లేదు. రికార్డు అట్ట మీదే ఆ లెక్క అచ్చయి ఉంది.

1989లో వచ్చిన 'ది సీడ్స్ ఆఫ్ లవ్' యంత్రధ్వని నుంచి సజీవ వాద్యాల వైపు మళ్ళింది. గాయని, పియానిస్టు ఓలిటా ఆడమ్స్ చేరిక అందుకు దోహదం చేసింది. సుదీర్ఘంగా సాగిన ఆ ఆల్బమ్ తయారీ తరువాత జంట నిలవలేదు. 1991లో విడిపోయారు. పేరు ఓర్జబాల్ దగ్గరే ఉండిపోయింది. ఆ పేరుతోనే 'ఎలిమెంటల్' (1993), 'రౌల్ అండ్ ది కింగ్స్ ఆఫ్ స్పెయిన్' (1995) వెలువరించాడు. జంట తిరిగి కలిసిన తరువాత 2004లో ఒక ఆల్బమ్, 2022లో 'ది టిప్పింగ్ పాయింట్' వచ్చాయి.

3. రాజ్–కోటి: వారసత్వం, యంత్రం, వేగం:
రాజ్ అసలు పేరు తోటకూర సోమరాజు. 'పాండురంగ మాహాత్మ్యం', 'శ్రీకృష్ణ పాండవీయం' వంటి చిత్రాల స్వరకర్త టి.వి. రాజు ఆయన తండ్రి. కోటి అసలు పేరు సాలూరి కోటేశ్వరరావు. 'మల్లీశ్వరి', 'మిస్సమ్మ' చిత్రాలకు సంగీతం కూర్చిన సాలూరి రాజేశ్వరరావు ఆయన తండ్రి. రెండు సంగీత కుటుంబాల రెండో తరం కలిసి ఒక పేరైంది. ఇద్దరూ చక్రవర్తి వద్ద సహాయకులుగా పనిచేసి, సినిమా పాట తయారయ్యే వేగాన్ని అక్కడ అలవరచుకున్నారు. జంటగా వారి తొలి చిత్రం 'ప్రళయ గర్జన' 1983లో వచ్చింది.

ఆ సంవత్సరానికి సంగీత సాంకేతిక చరిత్రలో ప్రత్యేక స్థానం ఉంది. వేర్వేరు సంస్థల ఎలక్ట్రానిక్ వాద్యాలు ఒకదానితో ఒకటి సంభాషించుకోవడానికి వీలు కల్పించిన మిడి ప్రమాణం 1983లో ప్రకటితమైంది. యమహా డి.ఎక్స్. 7 కీబోర్డు విడుదలైంది కూడా ఆ ఏడాదే. బాత్ నగరపు యువకులకూ, చక్రవర్తి బృందం నుంచి బయటికి వచ్చిన జంటకూ సాంకేతిక సందర్భం ఒకటేనన్నమాట. సందర్భం ఒకటైనా అవసరం వేరు. బ్రిటిష్ బృందం ఒక ఆల్బమ్ మీద సంవత్సరాలు గడపగలిగింది. ఏటా పలు చిత్రాలకు పాటలతోపాటు నేపథ్య సంగీతం కూడా సమకూర్చవలసిన జంటకు కీబోర్డు ప్రయోగ సాధనమే కాదు, గడువులోపల పని ముగించే సాధనం కూడా.

'యముడికి మొగుడు' (1988), 'ఖైదీ నం. 786' (1988), 'బాలగోపాలుడు' (1989), 'జయమ్ము నిశ్చయమ్మురా' (1989), 'కర్తవ్యం' (1990), 'పెద్దరికం' (1992), 'ముఠామేస్త్రి' (1993), 'బావ బావమరిది' (1993), 'గోవిందా గోవిందా' (1994), 'హలో బ్రదర్' (1994) ఈ జంట ప్రస్థానంలోని ముఖ్య చిత్రాలు. వీటిని వరుసగా వింటే ఒక లక్షణం స్పష్టపడుతుంది. తాళపు నడక జానపదానికి దగ్గరగా ఉంటుంది. దాని చుట్టూ అల్లిన ధ్వని ఎలక్ట్రానిక్. పల్లవి వెంటనే నోటికి పట్టుబడేలా చిన్న చిన్న స్వరఖండాలుగా ఉంటుంది. డప్పు, డోలక్ వినిపించవలసిన చోట వాటి లయను యంత్రం పంచుకుంటుంది. న్యూవేవ్ సంగీతం యంత్రధ్వనిని నగర ఒంటరితనానికి గుర్తుగా వాడితే, రాజ్–కోటి దాన్ని సందడికి, ఊరేగింపుకు, సరసానికి వాడారు. అదే యంత్రానికి వేరొక సామాజిక అర్థం కల్పించడం ఈ జంట సాధించిన విశిష్టత.

ఈ పని ఇద్దరి చేతుల మీదుగానే జరిగిందా? 'రోజా' (1992)కు ముందు ఎ.ఆర్. రహమాన్ ఈ జంట వద్ద కీబోర్డు వాయించిన సంగతి ప్రసిద్ధం. రహమాన్ తరువాత ప్రఖ్యాతుడయ్యాడు కనుక ఆ సంగతి మనకు తెలిసింది. అంతటి ఖ్యాతి పొందని వాదకుల మాట? తెర మీద కనిపించేది 'సంగీతం: రాజ్–కోటి' అన్న ఒక్క పంక్తి. ఏ పాటలో ఏ ధ్వనిని ఎవరు రూపొందించారో ఆ పంక్తి చెప్పదు. ఇయాన్ స్టాన్లీకి దక్కిన అక్షరాల గుర్తింపు ఇక్కడి కీబోర్డు వాదకుడికి దక్కలేదు.

4. నమోదులో తేడా ఎందుకు?
ఈ తేడాను మన స్వరకర్తల ఉదాసీనతగానో, బ్రిటిష్ కళాకారుల నిజాయితీగానో చూడడం తొందరపాటు. అక్కడ పాట రచయితగా పేరు నమోదైతే ఆ పాట వినిపించిన ప్రతిసారీ ఆదాయంలో వాటా వస్తుంది. 1982 నాటి 'మ్యాడ్ వరల్డ్' ఓర్జబాల్ రచన. పాడినది స్మిత్. మైకేల్ ఆండ్రూస్, గ్యారీ జూల్స్ రూపొందించిన మందగతి రూపం 2003లో బ్రిటన్‌లో మొదటి స్థానానికి చేరింది. గొంతు మారింది, వాద్యాలు మారాయి, రచయిత పేరు మారలేదు. పేరుకు విలువ ఉంది కనుక పేరు భద్రంగా ఉంది.

మన దేశంలో సినిమా కోసం కూర్చిన సంగీతం మీద హక్కు, ఒప్పందంలో వేరేగా రాసుకుంటే తప్ప, నిర్మాతకే చెందుతుందని సుప్రీంకోర్టు 1977లో తీర్పు చెప్పింది. ఇండియన్ పెర్ఫార్మింగ్ రైట్ సొసైటీ ఆ వ్యాజ్యంలో ఒక పక్షం. పాటల రచయితలకూ స్వరకర్తలకూ థియేటర్ వెలుపలి వినియోగంపై వదులుకోవడానికి వీలులేని ఆదాయపు వాటాను 2012 నాటి కాపీరైట్ సవరణ కల్పించింది. రాజ్–కోటి జంట ప్రస్థానం మొత్తం ఈ రెండు సంవత్సరాల మధ్య కాలంలోనే ముగిసింది. ఎవరి వాటా ఎంతో రాసుకోవలసిన ఆర్థిక అవసరం ఆ కాలంలో బలహీనం. రాసుకోని లెక్కను ముప్ఫై ఏళ్ళ తరువాత పరిశోధకుడు ఊహతో పూరించబోవడమే సమస్య.

5. 1995: ఒక పరీక్ష, దాని పరిమితి:
'హలో బ్రదర్' విజయకాలంలోనే జంట విడిపోయింది. 1995లో కోటి 'పెదరాయుడు'కు, రాజ్ 'సిసింద్రీ'కి విడివిడిగా సంగీతం సమకూర్చారు. అదే సంవత్సరం ఓర్జబాల్ జంట పేరుతో ఒంటరిగా ఆల్బమ్ తెచ్చాడు. 1965లో విడిపోయిన విశ్వనాథన్–రామమూర్తి 'ఎంగిరుందో వందాన్' అనే తమిళ చిత్రానికి మళ్ళీ కలిసింది కూడా 1995లోనే. 1971లో జైకిషన్ మరణించిన తరువాత కూడా శంకర్ జంట పేరుతోనే కొనసాగిన ఉదాహరణ మనముందు ఉంది. జంట పేరును ఒకరు నిలుపుకోవచ్చు, ఇద్దరూ వదులుకోవచ్చు, తిరిగి పొందవచ్చు. రాజ్–కోటి ఎంచుకున్నది రెండో మార్గం.

'పెదరాయుడు', 'సిసింద్రీ' చిత్రాలను పక్కపక్కన విని, ఈ గుణం కోటిది, ఆ గుణం రాజ్‌ది అని వెనక్కు లెక్కగట్టడం ఆకర్షణీయమైన పద్ధతి. అయితే అది నిలవదు. ఒకటి కుటుంబ గౌరవం చుట్టూ తిరిగే కథ, రెండోది పసిబిడ్డ చుట్టూ తిరిగే కథ. లాలిపాట కోరేది ఒకటైతే, గంభీరమైన సామూహిక గానం కోరేది మరొకటి. కథ అడిగినదాన్ని స్వరకర్త స్వభావంగా భ్రమించే ప్రమాదం ఇక్కడ ఉంది. పైగా జంటలో ఉన్నప్పటి మనిషి, విడిపోయిన తరువాతి మనిషి ఒకే రకంగా పనిచేస్తారన్న హామీ లేదు. ఎదుటివాడు ఒప్పుకోడని వదిలేసిన బాణీ కూడా జంట సంగీతంలో భాగమే. అది ఏ రికార్డులోనూ వినిపించదు. తరువాతి కాలంలో కోటి 'నువ్వే కావాలి' (2000), 'నువ్వు నాకు నచ్చావ్' (2001) వంటి విజయాలు సాధించారు. రాజ్ చేసిన చిత్రాలు తక్కువ. ఈ సంఖ్యల తేడాను ప్రతిభలో తేడాగా, అంతకుమించి జంట కాలపు వాటాగా చదవడం న్యాయం కాదు.

6. మెట్ట ప్రాంతపు శ్రోత:
కర్తృత్వ చర్చను స్టూడియో దగ్గరే ఆపితే సగమే చెప్పినట్లు. విజయవాడ–హైదరాబాద్ జాతీయ రహదారి మీది నందిగామ, జగ్గయ్యపేటలు ఇప్పుడు 2022లో ఏర్పడిన ఎన్టీఆర్ జిల్లాలో ఉన్నాయి. చర్చిస్తున్న కాలంలో ఇవి కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతపు పట్టణాలు. ఇటువంటి పట్టణాలలో సింథసైజర్ ధ్వని లండన్ రికార్డుల ద్వారా రాలేదు. బస్సులోని టేపురికార్డరు, సినిమా హాలు, పెళ్ళి బ్యాండు మేళం, పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తిరునాళ్ళ వంటి ఉత్సవాల మైకుసెట్టు దాన్ని తెచ్చాయి. న్యూవేవ్ పేరు వినని శ్రోత కూడా ఆ ధ్వనితో పరిచయం పెంచుకున్నాడు. అది పరాయిదనిపించకపోవడానికి కారణం కింద నడిచే తాళం అతనిదే కావడం.

ఆ శ్రోతకు అది 'చిరంజీవి పాట', 'నాగార్జున పాట'. కోరిన పాటలు ఎక్కించి ఇచ్చే క్యాసెట్ మీద చేతిరాతతో సినిమా పేరు ఉంటే గొప్ప. స్టూడియోలో వాదకుడి పేరు జంట పేరులో కలిసింది. వీధిలో జంట పేరు నాయకుడి పేరులో కలిసింది. రెండుసార్లు మరుగునపడిన పేరును వెతకాలంటే రెండు చోట్లా వెతకాలి. బాణీని విని, రాగవాద్యాలకు అనుగుణంగా మార్చుకుని ఊరేగింపులో వాయించిన బ్యాండు మేళగాళ్ళు ఆ పాటల నిర్మాణాన్ని చేతులతో నేర్చుకున్నవారు. ఏ ఖండం ఊదడానికి లొంగింది, ఏది కీబోర్డుకే పరిమితమైంది అన్నది వారికి తెలిసినంతగా విమర్శకుడికి తెలియదు. వారి సాక్ష్యం మన పరిశోధనలోకి రావలసి ఉంది.

7. ముగింపు:
2023 మే 21న రాజ్ మరణంతో ఆ జంట పేరు మళ్ళీ తెరమీద కనిపించే అవకాశం ముగిసింది. టియర్స్ ఫర్ ఫియర్స్‌కు దక్కిన పునఃకలయిక ఈ జంటకు దక్కలేదు. ఇక మిగిలింది నమోదు. పై పరిశీలన నుంచి మూడు అంశాలు తేలుతున్నాయి.

ఒకటి, 1983–1994 మధ్య పాటలను 'రాజ్–కోటి' అనే ఒకే కర్త రచనలుగా గ్రహించడమే ప్రస్తుతానికి శాస్త్రీయం. లిఖిత ఆధారం లేకుండా వాటిని ఇద్దరికీ పంచడం విమర్శ కాదు.
రెండు, ఆ ఒకే కర్త నిజానికి ఒక బృందం. కీబోర్డు, లయ, ధ్వనిముద్రణ విభాగాలలో పనిచేసినవారి వాంగ్మూలాలు, రికార్డింగు పుస్తకాలు, క్యాసెట్ అట్టలు సేకరించవలసిన ఆకరాలు.
మూడు, ఈ సేకరణ స్టూడియోలకే పరిమితం కాకూడదు. నందిగామ, జగ్గయ్యపేట వంటి పట్టణాల క్యాసెట్ దుకాణదారులు, మైకుసెట్టు యజమానులు, బ్యాండు మేళాలవారు తెలుగు పాట చరిత్రకు సాక్షులు.

క్యాసెట్ టేపు కాలంతోపాటు పాడవుతుంది. దాని అట్ట అంతకన్నా ముందే చిరుగుతుంది. పంపకాల ఊహలు మాని పేర్ల సేకరణకు పూనుకోవడం ఇప్పుడు పరిశోధకుల ముందున్న పని.