ఎస్పెరాంతో క్రియార్థాలు: పేర్లు, ప్రయోగాలు

జామెన్‌హోఫ్ 1887లో వార్సాలో ప్రకటించిన ఎస్పెరాంతోలో క్రియకు పురుష, వచన భేదాలు లేవు. పదహారు నియమాలలో ఆరవది కాలాలను, క్రియార్థాలను ఆరు ప్రత్యయాలలో ఇముడుస్తుంది. కాలవాచకాలు మూడింటితో (ఆస్, ఇస్, ఓస్) పేచీ లేదు. చిక్కంతా ‘ఉస్’, ‘ఉ’లతోనే.

నియమం ‘ఉస్’ను షరతును తెలిపే రూపమంటుంది. దానిని చేదర్థకమని తెలుగు చేయడం సులభమే గాని సరికాదు. ‘అతడు వస్తే సంతోషిస్తాను’ అన్నప్పుడు చేదర్థకం మొదటి క్రియకే పరిమితం. ‘సే లి వేనుస్, మి జోయుస్’ అనే వాక్యంలో రెండు క్రియలూ ‘ఉస్’నే గ్రహిస్తాయి, షరతును చెప్పేది ‘సే’ అనే అవ్యయం. రాక నిజంగా సంభావ్యమైతే రెండుచోట్లా భవిష్యత్ప్రత్యయం ‘ఓస్’ వస్తుంది. మర్యాదగా కాఫీ అడిగే ‘మి వోలుస్ కాఫోన్’లోనైతే షరతు ఊసే లేదు. కనుక ‘ఉస్’ తెలిపేది కల్పితత్వాన్ని. కాలాన్ని మాత్రం అది చెప్పదు. ‘వచ్చి ఉంటే’ అనడానికి ‘ఎస్తుస్ వేనింత’ అనే సంయుక్తరూపాన్ని ఆశ్రయించాలి, లేదా సందర్భానికి వదిలేయాలి.

‘ఉ’ను నియమం ఆజ్ఞార్థకమంటుంది. ‘వేను’ అంటే రా. ‘లి వేను’ అంటే అతణ్ణి రానీ. ‘చు మి వేను?’ అంటే నన్ను రమ్మంటారా? ఈ చివరిదానిలో ఆజ్ఞ ఎదుటివాడి నుంచి రావలసి ఉంది. ష్లేయర్ రూపొందించిన వోలాప్యూక్ ఆజ్ఞకు, ఆకాంక్షకు, కఠినశాసనానికి వేర్వేరు ప్రత్యయాలు కేటాయించింది. జామెన్‌హోఫ్ వాటన్నింటి పనినీ ఒక్క ‘ఉ’కే అప్పగించాడు, రూపాల బరువు తగ్గింది, అర్థనిర్ణయం వాక్యం మీద పడింది. తెలుగులో దీనికి విధ్యర్థకమని పేరుపెట్టి ఊరుకుంటే ‘మి వోలాస్, కే లి వేను’ (అతడు రావాలని నా కోరిక) వంటి వాక్యం వ్యాకరణం వెలుపలే మిగిలిపోతుంది.