నేలమీద కూర్చునే డాక్టర్లు

ఎంబీబీఎస్ ఐదున్నరేళ్లు, సైకియాట్రీలో ఎండీ మూడేళ్లు. అంత చదివాక కూడా, బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌లో బాలల, కౌమారుల మానసిక వైద్యంలో డీఎం అనే పైకోర్సు చేసేవాళ్లు మరో మూడేళ్లు నేర్చుకోవాలి. ఎందుకంటే, పిల్లలు డాక్టరు దగ్గరికి తమంతట తాము రారు, ఎవరో తీసుకొస్తారు. తెచ్చినవారి ఫిర్యాదు ఒకటి, బిడ్డ బాధ మరొకటి. ‘చదవడు, మొండిఘటం’ అంటాడు తండ్రి. ఆ మొండితనం వెనక డిస్లెక్సియా ఉందో, దిగులుందో, ఇంట్లో రోజూ జరిగే కొట్లాటే ఉందో రక్తపరీక్ష చెప్పదు. నేలమీద కూర్చుని ఆడించాలి, బొమ్మలు గీయించాలి, టీచరుతో మాట్లాడాలి. పిల్లల దిగులు చాలాసార్లు చిరాకుగా బయటపడుతుంది, లేదా బడివేళకు కడుపునొప్పిగా వస్తుంది.

నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది పదిహేనేళ్ల పిల్లతో ఆ డాక్టరు కుదుర్చుకునే ఒప్పందం. నువ్వు చెప్పింది అమ్మతో అనను, నీ ప్రాణానికి ముప్పుంటే తప్ప. లైంగిక హింస సంగతైతే 2012 నాటి పోక్సో చట్టం దాచనివ్వదు. ఈ షరతులన్నీ ముందే చెప్పి, అయినా నమ్మకం నిలుపుకోవడం (మనలో ఎంతమందికి చేతనవును?) సీనియర్ పక్కన కూర్చుని నేర్చుకోవాల్సిందే.

నిమ్హాన్స్ పిల్లల వార్డులో బిడ్డతోపాటు ఇంటివాళ్లూ ఉంటారు. అమ్మ అన్నం తినిపించే తీరు కూడా డాక్టరుకు సమాచారమే.

ఇలాంటి డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు బిడ్డ నోటుపుస్తకాలు వెంట తీసుకెళ్లండి. ‘ఇంజక్షన్ వేయిస్తా’నని బెదిరించి మాత్రం తీసుకెళ్లకండి.