ముప్పై గంటల మొక్క

మా అమ్మాయి డిగ్రీలో చేరిన ఏడాది మాట. ఒక సాయంత్రం డాబా మీద అటూ ఇటూ తిరుగుతూ ఏదో వల్లె వేస్తోంది. ఆరేసిన బట్టలు తీయడానికి వెళ్లిన నేను చెవి ఒగ్గి విన్నాను. నర్సరీకి కావలసిన వసతులేవి, అంటుమొక్కల వల్ల లాభాలెన్ని, అన్నీ ఇంగ్లీషులో అక్షరం పొల్లు పోకుండా అప్పజెబుతోంది. సరిగ్గా దాని కాళ్ల దగ్గరే తొట్టిలో కరివేపాకు మొక్క నీళ్లు లేక తల వాల్చేసి ఉంది!

"ముందు దానికి చెంబెడు నీళ్లు పోయవే" అన్నాను.

"ఉండమ్మా, రేపు పరీక్ష. యాభై మార్కులు" అంది.

మీ ఇళ్లల్లోనూ ఇలాంటివి జరిగే ఉంటాయి. నాకు నవ్వొచ్చింది. ఆ రాత్రి మాత్రం అంట్లు సర్దుకున్నాక, దాని సిలబస్ కాగితాలు ముందేసుకుని మొదటినుంచి చివరిదాకా చదివాను. నవలల మీదే సమీక్షలు రాయాలని ఎక్కడుంది? మన పిల్లల మూడేళ్ల బతుకును నడిపించే కాగితాల మీద మాత్రం ఎందుకు రాయకూడదు?

సంగతేమిటంటే, డిగ్రీ చదివిన పిల్లలకి పట్టా తప్ప పని రావడం లేదన్న బాధతో, 2020-21 నుంచి మన రాష్ట్రంలో డిగ్రీ చదువుల్లో స్కిల్ డెవలప్‌మెంట్ కోర్సులు చేర్చారు. బీమా, టూరిస్టు గైడు పని, మొక్కల నర్సరీ, పండ్లూ కూరగాయలూ నిలవ చేయడం, పాడి, సౌరవిద్యుత్తు, పత్రికలకి వార్తలు రాయడం - చదువుతుంటేనే నోరూరుతుంది. ఒక్కోదానికి వారానికి రెండు గంటలు, మొత్తం 30 గంటలు, 50 మార్కులు. ఇవి కాక మొదటి ఏడాది అయ్యాక ఊళ్లోకి వెళ్లి 180 గంటల సమాజసేవ ప్రాజెక్టు, ఆ తర్వాత ఇంటర్న్‌షిప్పులు.

నిజం చెప్పొద్దూ, రాసినవాళ్లు తెలివైనవాళ్లే. నర్సరీకి తీసుకెళ్లి చూపించండి, పని తెలిసినవాళ్లని పిలిచి మాట్లాడించండి అని కూడా అందులోనే రాశారు. విస్తరాకు బ్రహ్మాండంగా వేశారు. వడ్డించేవాళ్లే లేరు.

మా పక్కింట్లో ఒక లెక్చరరు గారున్నారు. ఆయన పనిచేసేది మరో కాలేజీలే. ఆయన్ని అడిగాను. "నేను కామర్స్ చెప్పేవాణ్ణమ్మా. నన్నే నర్సరీ పాఠం కూడా చెప్పమన్నారు. రెండు వందల మంది పిల్లలు. బస్సు లేదు, డబ్బు లేదు. నోట్సు ఇవ్వక ఏం చేయను?" అన్నాడు. ఆయన్ని తప్పుపట్టడానికి నాకు నోరు రాలేదు.

పైగా 2021-22 నుంచి డిగ్రీ చదువంతా ఇంగ్లీషు మీడియమే. "జేజీ, లేయరింగ్ అంటే ఏంటి?" అని పరీక్ష అయిపోయాక అడిగింది మా అమ్మాయి. మా అత్తమ్మది గిద్దలూరు దగ్గర పల్లెటూరు. బడి మొహం చూడలేదు. ఆ మాట అర్థం కాక, "అదేందో చెప్పు అమ్మీ" అంది. పిల్ల తన నోట్సులోది తెలుగులోకి మార్చి చెప్పేసరికి ఆవిడ పకపకా నవ్వింది. "నేలంటు అని చెప్పక!" అంటూ పెరట్లోకి లాక్కెళ్లింది. జామచెట్టు కొమ్మ ఒకటి కిందికి వంచి, చుట్టూ కాస్త బెరడు తీసి, మట్టిలో పూడ్చి, అది లేవకుండా పైన పలకరాయి ముక్క పెట్టింది. మార్కాపురంలో పలకరాయికి కరువా! "వేర్లు పోసుకునేదాకా తల్లి దగ్గరే ఉండాల. తొందరపడి కోసినావా, ఎండిపోతాది" అంది.

పావుగంట పట్టింది. ముప్పై గంటల కోర్సులో లేనిది ఆ పావుగంటలో ఉంది.

ఇదేదో కొత్త జబ్బు కాదు. 1937లో వార్ధాలో గాంధీగారు చేతిపనితోనే చదువు చెప్పమన్నారు. 1964-66 నాటి కొఠారీ కమిషన్ చదువులో పని అనుభవం కలపమంది. 1994-95లో యూజీసీ డిగ్రీలోనే వృత్తివిద్యా సబ్జెక్టులు ప్రవేశపెట్టింది. ప్రతిసారీ పని బడి గుమ్మం దాకా వచ్చింది. లోపలికి అడుగు పెట్టగానే పీరియడ్ అయిపోయింది, పీరియడ్ కాస్తా నోట్సు అయింది. కారణం మనకి తెలియనిది కాదు. రాసినదానికి మార్కులు వేయడం తేలిక. చేసినదానికి మార్కులు వేయాలంటే దగ్గర కూర్చుని చూడాలి.

అయితే అంతా వృథా అంటే కళ్లు పోతాయి. సమాజసేవ ప్రాజెక్టుకి మా అమ్మాయి వాళ్ల జేజి ఊరే ఎంచుకుంది. మా ప్రాంతంలో ఫ్లోరైడు నీళ్ల బాధ ఈనాటిది కాదు. ఇంటింటికీ తిరిగి తాగే నీళ్లు ఎక్కణ్ణుంచి వస్తున్నాయి, నెలకి ఎంత ఖర్చవుతోంది అని అడిగి రాసుకుంది. మొదటి రోజు గడప దగ్గర నిలబడి నోరు పెగల్లేదట. ఒక ముసలమ్మ, "రాసుకుపోయేవాళ్లు శానామంది వచ్చినారు తల్లీ, నీళ్లు తెచ్చినోళ్లే రాలేదు" అందట. ఆ రాత్రి పిల్ల అన్నం సరిగ్గా తినలేదు. కానీ పదిరోజులయ్యేసరికి కొత్తవాళ్లతో మాట్లాడటం, విన్నది విన్నట్టు రాయడం, లెక్క కట్టడం వచ్చాయి. ఉద్యోగానికి పనికొచ్చే నైపుణ్యమంటే ఇదే కదా! దానికి వేరే పుస్తకం ఎవరూ ఇవ్వలేదు. ఊరే ఇచ్చింది.

ఇక ఇప్పుడు నా తప్పు చెప్పుకోవాలి. చెప్పకపోతే ఈ సమీక్ష అబద్ధం.

ఇంటర్న్‌షిప్ అనగానే ఇంట్లో చర్చలు మొదలయ్యాయి. విజయవాడ పంపాలంటే హాస్టలు ఖర్చు. ఒంగోలంటే రోజూ బస్సులో రానూపోనూ. "పెళ్లి కావలసిన పిల్ల" అన్న మాట ఎవరో అన్నారు. ఎవరో ఏమిటి, నేనే అన్నాను. తీరా మాకు దూరపు చుట్టమొకాయనకి పలకరాళ్ల వ్యాపారం ఉంటే, ఆయన చేత కాగితం రాయించాం. అమ్మాయి వెళ్లింది నాలుగు రోజులు. హాజరు మాత్రం పూర్తిగా పడింది. కాలేజీవాళ్లూ అడగలేదు, మేమూ చెప్పలేదు.

2024లో డిగ్రీ అయ్యాక ఒక ఇంటర్వ్యూకి వెళ్లింది. వాళ్లు అడిగిన మొదటి ప్రశ్న, "ఇంటర్న్‌షిప్‌లో ఏం చేశారు?" అని. ఇంటికొచ్చి, చెప్పులు విడుస్తూనే, "సంతకం పెట్టించావు కదమ్మా, జవాబు కూడా నేర్పి పంపాల్సింది" అంది. కోపంగా కూడా అనలేదు. అదే నాకు ఎక్కువ తగిలింది.

ఆ మర్నాడు అది తనంతట తానే ఆ పలకల ఫ్యాక్టరీకి వెళ్లింది. మార్కుల్లేవు, క్రెడిట్లు లేవు. ఒకప్పుడు దేశంలో పిల్లల చేతిలో ఉండే పలకలకి మా ఊరు పేరు. ఇప్పుడు ఆ రాయే రంగురంగుల బండలై గోడలకీ నేలలకీ పోతోంది, విదేశాలకీ పోతోంది. అక్కడ రెండు నెలలు కూర్చుని జీఎస్టీ బిల్లులు, సరుకు పెట్టెల జాబితాలు, ఓడరేవుకి పంపే కాగితాలు రాయడం నేర్చుకుంది. పెద్దమేస్త్రి రాయి మీద ఉలి ఆనించి, పొర ఎక్కడ విడుతుందో చూపించాడట. రాయి కోసేచోట ఆడవాళ్లు మొహానికి గుడ్డ కట్టుకుని ఎందుకు కూర్చుంటారో, ఆ దుమ్ము ఊపిరితిత్తుల్ని ఏం చేస్తుందో కూడా తెలుసుకుంది. సరుకు ధరలో ఆ దుమ్ము లెక్క ఎక్కడా లేదేమని అడిగింది. బీకాం పుస్తకంలో ఇలాంటి ప్రశ్న ఉందా?

అందుకే నేననేది ఒకటే. కోర్సులు తీసేయనక్కర్లేదు. ఏ ఊరి కాలేజీ ఆ ఊరి పనిని పట్టుకోవాలి. మార్కాపురంలో పలకరాయి ఉంది. కంభంలో విజయనగర కాలం నాటి చెరువుంది. త్రిపురాంతకం, భైరవకోన ఉన్నాయి. గైడు పని నేర్చుకునే పిల్లలు వాటి కథ కాగితం చూడకుండా చెప్పగలగాలి. ఆ యాభై మార్కుల్లో సగం పని చేయించినవాళ్లని వేయనివ్వండి. పని తెలిసినవాళ్ల నోటిలో ఉన్న తెలుగుని తరగతి బయట నిలబెట్టకండి. లెక్చరరు గారికి ఒక బస్సూ, కాస్త డబ్బూ ఇవ్వండి. మనం, అంటే తల్లులం, దొంగ సంతకాలు పెట్టించడం మానేద్దాం. ఆడపిల్ల గడప దాటకుండా పని ఎలా వస్తుంది?

చదువంతా ఉద్యోగం కోసమే అని కూడా నేననను. ఆ ముసలమ్మ మాట విని పిల్ల అన్నం మానేసిందే, అది ఏ ఉద్యోగానికి పనికొస్తుందో నాకు తెలియదు. కానీ అది కూడా చదువే.

అన్నట్టు, నర్సరీ పరీక్షలో మా అమ్మాయికి యాభైకి నలభై మూడు వచ్చాయి. ఆ మార్కుల కాగితం ఎక్కడుందో ఇప్పుడు ఎవరికీ తెలియదు. జేజి కట్టిన అంటు మాత్రం పెరట్లో చెట్టయింది. ఈ ఏడు కాపు బాగానే ఉంది.