కన్యాశుల్కంలో మారువేషాలు, అసలు ముఖాలు

ప్రహసనానికి మారువేషం ప్రాణం వంటిది. వంగ సాహిత్యంలో దీనబంధు మిత్ర 1866లో వెలువరించిన ‘బియే పాగ్‌లా బుడో’ ఇందుకు మంచి నిదర్శనం. పెళ్లిపిచ్చి పట్టిన వృద్ధునికి గ్రామంలోని కుర్రకారు బూటకపు వివాహం జరిపి బుద్ధి చెబుతారు. మోసం బయటపడడంతో హాస్యం పరాకాష్ఠనందుకుంటుంది, ప్రహసన ప్రయోజనం నెరవేరుతుంది. గురజాడ అప్పారావు ‘కన్యాశుల్కం’లోనూ ఒక వృద్ధుడు ఆడవేషం వేసిన బాలుణ్ణి పెళ్లాడతాడు. అయితే ఇక్కడ అసలు కథ ఆ పెళ్లి తరువాతనే చిక్కబడుతుంది. గురజాడ వ్యంగ్యం లోతు ఈ భేదంలోనే ఉన్నది.

1892లో విజయనగరంలో తొలిసారి ప్రదర్శితమై, 1897లో అచ్చయిన ఈ నాటకాన్ని గురజాడ 1909లో సమగ్రంగా తిరగరాశారు. విశాఖపట్నం జిల్లాలో మూడేండ్లలో జరిగిన శుల్క వివాహాల పట్టికను విజయనగరం మహారాజు తయారు చేయించగా, వాటి సంఖ్య 1,034కు చేరిందని తొలి ముద్రణ పీఠిక తెలుపుతున్నది. నాటకంలోని నవ్వు వెనుక ఇంతటి దుఃఖం ఉన్నదని పాఠకుడు మరువరాదు.

నాటకంలోని వేషాలు రెండు విధాలు. మొదటిది దుస్తులతో వేసేది. మేనకోడలు సుబ్బిని ముసలి లుబ్ధావధాన్ల పాలబడకుండా కాపాడడానికి కరటకశాస్త్రి పేరూ ఊరూ మార్చుకొని, శిష్యుణ్ణి కన్యగా అలంకరించి అమ్ముతాడు. వేశ్యలను గుమ్మం తొక్కనివ్వని వకీలు సౌజన్యారావు పంతులు ఇంటికి మధురవాణి పురుష వేషంలో వెళుతుంది. ఈ వేషాలన్నీ అబద్ధాలే. కాని ప్రతి అబద్ధమూ ఎవరో ఒకరిని ఆపద నుండి తప్పించడానికి పుట్టినదే.

రెండవది మాటలతో వేసే వేషం. గిరీశం దుస్తులు మార్చనక్కర లేదు. అగ్నిహోత్రావధాన్ల ఇంట అతడు ఇంగ్లీషు విద్యావంతుడైన గురువు. బుచ్చమ్మ ఎదుట వితంతు వివాహాన్ని సమర్థించే సంస్కర్త. మధురవాణి ఎదుట రసికుడు. అతడూ వెంకటేశమూ అర్థంపర్థం లేని ఇంగ్లీషు ముక్కలతో సంభాషిస్తుంటే వెంకమ్మ కొడుకు చదువుకు మురిసిపోతుంది. ఆ దృశ్యంలో మనం నవ్వేది ఆ తల్లి అమాయకత్వానికి మాత్రమే కాదు, అర్థం కాని భాషకు తలవంచే సమాజపు అలవాటుకు కూడా. గిరీశం పలికే సంస్కరణ వాక్యాలలో పెక్కు నిజానికి తప్పులు కావు. వాటిని పలికే మనిషికీ వాటికీ సంబంధం లేకపోవడమే ఇక్కడి మోసం. మంచి మాట సైతం ముసుగు కాగలదని చూపడంలో గురజాడ తన కాలపు సంస్కర్తలకే అద్దం పట్టారు.

కపట వధువు మాయమైన తరువాత నాటకం మలుపు తిరుగుతుంది. లేని పిల్లను చంపిన నేరం లుబ్ధావధాన్ల మెడకు చుట్టుకుంటుంది. ఆశపోతు ముసలివాడు శిక్షార్హుడే కావచ్చు, కాని హంతకుడు మాత్రం కాడు. నిజం చెబితే కరటకశాస్త్రికి ముప్పు, చెప్పకుంటే లుబ్ధావధాన్లకు ముప్పు. సదుద్దేశంతో చేసిన మోసానికి సైతం మూల్యం తప్పదన్న ఈ స్పృహ సామాన్య ప్రహసనాలలో కనరాదు.

ఈ చిక్కుముడిని విప్పేది న్యాయస్థానం కాదు, సమాజం వెలివేసిన మధురవాణి. వేషం తీసివేసి నిజం చెప్పిన ఆమె ఎదుట సౌజన్యారావు నీతి నియమాలకే పరీక్ష ఎదురవుతుంది. సాక్ష్యానికి ప్రతిఫలంగా తాను కోరిన ముద్దును చివరి క్షణంలో తానే వద్దంటుంది. చెడనివారిని చెడగొట్టరాదన్న తల్లి హితవే అందుకు కారణం. నీతిని కులవృత్తిని బట్టి కొలిచే పెద్దమనిషికి ఒక వేశ్య నీతి నేర్పడం ఈ నాటకంలోని వ్యంగ్యానికి శిఖరం. గిరీశం ముసుగును తొలగించేదీ ఆమె సాక్ష్యమే.

అయితే ఏ వేషమూ వేయని బుచ్చమ్మ సంగతి ఏమిటి? అందరికంటె ఎక్కువగా మోసపోయినది ఆమె. గిరీశం మాటలు నమ్మి ఇల్లు విడిచిన ఆ యువతికి పూనా వితంతు శరణాలయం ఆశ్రయం కానున్నది. ఆమె నిర్ణయాన్ని మళ్లీ ఇతరులే చేశారు. ప్రేక్షకుని నవ్వు ఇక్కడ సగంలో ఆగిపోతుంది. ఇది నాటక నిర్మాణంలో లోపమని భావించడానికి వీలు లేదు. మోసగాడు బయటపడినంత మాత్రాన మోసపోయినవారి జీవితం చక్కబడదన్న నిజాన్ని గురజాడ దాచలేదు.

కన్యాశుల్కం ఆచారంగా అంతరించినా ‘కన్యాశుల్కం’ పాతబడలేదు. ఉదాత్త పదజాలం వెనుక ఎవరున్నారు, దాని ఖర్చు ఎవరు భరిస్తున్నారు అన్న ప్రశ్న వేసే అలవాటును ఆ నాటకం నేర్పింది. సంస్కరణ పేరిట మాట్లాడేవారున్నంత కాలం ఆ అలవాటు అవసరం.