వీరబాహు వేషం ఎవరికి?

దర్శనం మొగులయ్యది లింగాల మండలం అవుసలికుంట. బల్మూర్‌కు పక్క మండలమే. పన్నెండు మెట్ల కిన్నెర మీద పండుగ సాయన్న కథ చెప్పే ఈ డక్కలి కళాకారుడి మీద ఎనిమిదో తరగతి సాంఘికశాస్త్రంలో పాఠం పెట్టారు. 2022లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. 2024లో అదే మనిషి హైదరాబాద్ శివారు తుర్కయంజాల్‌లో కట్టుబడి కూలికి పోతున్నారని పత్రికలు రాసినయి. చదివినవాళ్ళు చాలామంది జాలిపడ్డారు. జాలి సంగతి పక్కన పెడదాం. ఒక మనిషిని పాఠంగా పెట్టుకున్న బడి ఆయన్ని పంతులుగా ఎందుకు పెట్టుకోలేకపోయింది? బల్మూర్, అచ్చంపేట, లింగాల పిల్లలకు పక్కూరి మనిషి పుస్తకంలో బొమ్మగా దొరికాడు. ఆయన ముందు కూర్చుని ఒక కథ ఎట్లా ఎత్తుకోవాలో, ఎక్కడ ఆపాలో, జనం వైపు ఎప్పుడు తిరగాలో నేర్చుకునే వీలు మాత్రం దొరకలేదు.

ప్రభుత్వ బడుల్లో నాటకం నేర్పాలి అనే మాట ఇప్పుడు అక్కడక్కడా వినబడుతున్నది. ఆ మాటను మేం బలపరుస్తున్నాం. అయితే ఆ మాట అనేవాళ్ళు చాలాసార్లు నాటకాన్ని పట్నం నుంచి పల్లెకు తీసుకుపోవాల్సిన వస్తువుగా చూస్తున్నారు. పిల్లల్లో సృజన పెరుగుతుంది, సభాపిరికితనం పోతుంది, వ్యక్తిత్వ వికాసం జరుగుతుంది అని చెప్తారు. అబద్ధం కాదు. కానీ తెలంగాణ పల్లెల్లో నాటకం ఎవరి చేతిలో ఉండిందో తెలిసినవాళ్ళకు ఈ వాదన తలకిందులుగా కనిపిస్తుంది. చిందు, డక్కలి, గోసంగి, బేడ బుడగజంగం, వీళ్ళంతా ఎస్సీ కులాలవాళ్ళే. మాదిగవాడ వీళ్ళకు మొదటి ప్రేక్షకుడు, పోషకుడు కూడా. ఊరూరా మిరాశీ హక్కు, ఆడితే త్యాగం, ఆడే ఆటకు తరతరాల లెక్క. నిజామాబాద్ జిల్లాలో చిందు ఎల్లమ్మ చిన్నప్పుడే గజ్జె కట్టి, 2005లో చనిపోయేదాకా ఆటతోనే బతికింది. జనగామ జిల్లా గడ్డం సమ్మయ్యకు చిందు యక్షగానానికి 2024లో పద్మశ్రీ ఇచ్చారు. అంటే నాటకం వాడలో ఉంది. లేనిది బడిలోనే. వాడనుంచి బడికి రావలసినది దారిలో ఎక్కడ ఆగిపోయిందన్నదే అసలు విషయం.

బడిలో జరిగేదేమిటో టీచర్లకు మనం చెప్పనక్కరలేదు. తెలుగు వాచకంలో నాటకం పాఠం వస్తే ఒకడు లేచి చదువుతాడు, మిగతావాళ్ళు కూర్చుని వింటారు. పాత్రల పేర్లతో సహా చదివేస్తాడు. పరీక్షకు సందర్భసహిత వ్యాఖ్య. వార్షికోత్సవం వస్తే సినిమా పాటలకు డాన్సులు. ఎక్కడైనా ఒక ఉత్సాహి సారు నాటకం వేయించాడా, అప్పుడు రాజు వేషం ఎవరికి పోతుంది, భటుడి వేషం ఎవరికి పోతుంది? పొడుగుంటాడు, ఎర్రగుంటాడు, పట్టుపంచె ఇంట్లో ఉంది, పద్యం నోరు తిరుగుతుంది... ఈ కారణాలన్నీ చూస్తే మామూలు కారణాల్లాగే ఉంటాయి. కలిపి చూస్తే కులం. మాదిగ పోరడికి గొంతు బాగుంటే డప్పు ఇస్తారు. అది కూడా సంతోషంగానే ఇస్తారు.

ఇక్కడ హరిశ్చంద్ర నాటకం గురించి కాస్త నిలబడి మాట్లాడాలి. తెలుగు పద్యనాటకాల్లో దీన్ని మించి ఊళ్ళు తిరిగినవి కొన్నే. బలిజేపల్లి లక్ష్మీకాంతం రాసిన ఈ నాటకంలో కాటి సీను కోసం జనం తెల్లవారుదాకా కూర్చుంటారు. ఆ సీనులో నటులు పాడుతూ వచ్చిన శ్మశాన పద్యాలు గుర్రం జాషువావి. నాటకకర్త రాసినవి కావు, నటులే తెచ్చి కలుపుకున్నారు, జనం వన్స్‌మోర్ కొట్టి నిలబెట్టారు. ఒక దళిత కవి మాట రాజు నోట్లోకి ఎక్కడ వచ్చింది? రాజు సింహాసనం మీద ఉన్నప్పుడు కాదు. చండాలుడికి అమ్ముడుపోయి కాటికాపరి అయినప్పుడు. జాషువా పద్యానికి తెలుగు రంగస్థలం శ్మశానంలోనే చోటిచ్చింది. ఆ చోటులోనే అది నాటకం మొత్తాన్ని మింగేసింది అనుకోండి, అది వేరే సంగతి.

మరి ఆ రాజును కొన్న వీరబాహు? వాడు తాగి తూలుతూ వస్తాడు. పెళ్ళాంతో పోట్లాడతాడు. జనం నవ్వుతారు. రాజు నాలుగు రోజులు కాటికాపరి అయితే విషాదం. పుట్టుకతో కాటికాపరి అయినవాడు హాస్యం. రాజుది పద్యం, వీరబాహుది వాడభాష. మార్కండేయ పురాణంలోకి పోతే ఇంకొక సంగతి బయటపడుతుంది. అక్కడ రాజును కొన్న చండాలుడు చండాలుడే కాదు, మారువేషంలో వచ్చిన ధర్మదేవత. అంటే సత్యం కోసం రాజు ఎవరి కింద పనిచేశాడని ఇన్ని వందల ఏళ్ళుగా కన్నీళ్ళు పెట్టుకుంటున్నామో, ఆ మనిషి అసలు కథలోనే లేడు. వాడి వేషం ఉంది, వాడు లేడు.

బడిలో నాటకం నేర్పడం అంటే హరిశ్చంద్రను పిల్లలతో మళ్ళీ వేయించడం అయితే మనకు అక్కరలేదు. కానీ అదే నాటకాన్ని తరగతి గదిలో విప్పి చూడగలిగితే? రాజు వేషం వేసిన పిల్లవాడు మర్నాడు వీరబాహు వేషం వేయాలి. వీరబాహు వేసినవాడు రాజు కావాలి. తాగుబోతుగా కాకుండా వీరబాహును ఎట్లా పలికించవచ్చో పిల్లలే మాట పుట్టించాలి. ఒక రాజును కొనేంత సొమ్ము కాటికాపరికి ఎక్కడిది, కాటి సుంకం ఎవరు వసూలు చేశారు, ఎవరికి కట్టారు, వీరబాహు పెళ్ళాం ఆ ఇంట్లో ఏం మాట్లాడుకునేది? ఈ ప్రశ్నలు వ్యాసరచన పోటీలో రావు. వేషం వేసుకుని నిలబడ్డప్పుడే వస్తాయి, ఎందుకంటే నిలబడ్డవాడికి మాట కావాలి. ఆ మాట ఏ భాషలో రావాలి అన్న ప్రశ్న కూడా అక్కడే తేలుతుంది. పాలమూరు పిల్లవాడు ఇంట్లో మాట్లాడే భాష తెలుగు తెర మీద చాలాకాలం జోకరుకో, రౌడీకో మాత్రమే ఇచ్చిన భాష. ఆ భాషలో ఒక న్యాయమైన మాట, ఒక దుఃఖపు మాట రంగం మీద నిలబడి చెప్పిన పిల్లవాడికి తన భాష మీద ఉన్న సిగ్గు కొంతైనా పోతుంది.

అయితే మన కథలు మనం తెచ్చి పెడితే సరిపోతుందా? సరిపోదు. జాంబపురాణం తీసుకోండి. చిందువాళ్ళ ఆటలో ఆది జాంబవంతుడు బ్రాహ్మడితో వాదానికి దిగుతాడు. భూమి పుట్టకముందు పుట్టినవాణ్ణి నేను, నువ్వెప్పుడు పుట్టినవు అని నిలదీస్తాడు. ఒక అంటరాని కులం తన పుట్టుక గురించి ప్రశ్నోత్తరాల రూపంలో ఇంత ధీమాగా చెప్పుకున్న ఆట పాఠ్యపుస్తకంలోకి రాకపోవడం కాకతాళీయం కాదు. కానీ అదే పురాణం, చాలా కథనాల్లో, కామధేనువు మాంసం దగ్గరికి వచ్చేసరికి మన పతనానికి మనమే కారణమన్నట్టు మాట్లాడుతుంది. పెద్దరికాన్ని ఒక చేత్తో ఇచ్చి, తప్పును ఇంకో చేత్తో నెత్తిన పెడుతుంది. దీన్ని ఆత్మగౌరవ గ్రంథం అని కళ్ళు మూసుకుని పొగిడితే లాభం లేదు. ఆడాలి, ఆడి ప్రశ్నించాలి. పదమూడేళ్ళ పిల్ల బ్రాహ్మడి పాత్రలో ఒకసారి, జాంబవంతుడి పాత్రలో ఒకసారి నిలబడితే ఆ వాదంలో ఎక్కడ బలముందో, ఎక్కడ లొంగుబాటుందో మన వ్యాసాలకంటే తొందరగా పట్టేస్తుంది. (చెంచులక్ష్మి ఆటలో నరసింహుణ్ణి పెళ్ళాడే పిల్లను నల్లమల చెంచు ఆడపిల్ల ఎట్లా చూస్తుందో ఇంతవరకు ఎవరైనా అడిగారా?)

ఇంకొక మాట కూడా మనలో మనం చెప్పుకోవాలి. డక్కలివాళ్ళు మాదిగలను అడుక్కుని బతికినవాళ్ళు. మాదిగ ఇంటి గడప వాళ్ళకు గడపగానే మిగిలింది. అంబేడ్కర్ చెప్పిన మెట్లమెట్ల అసమానత మన వాడలోనే ఉంది. మొగులయ్య బొమ్మ పుస్తకంలో వచ్చిందని మాదిగ పిల్లలు గర్వపడితే మంచిదే. తరగతిలో పక్కన కూర్చున్న డక్కలి పిల్లవాడు ఆ రోజు తల ఎత్తుకున్నాడా, దించుకున్నాడా అన్నది టీచరు గమనించాల్సిన విషయం. ఎందుకంటే ఆ పాఠం ఆ పిల్లవాడి కులాన్ని తరగతి మొత్తానికి చెప్పేసింది.

ఇక్కడే పెద్ద ప్రమాదం ఒకటుంది. స్థానిక కళలు బడిలోకి అన్న నినాదం కులవృత్తులు బడిలోకి అని మారడానికి ఎంతోసేపు పట్టదు. 1953లో మద్రాసు రాష్ట్రంలో రాజాజీ తెచ్చిన ప్రాథమిక విద్యా పథకం గుర్తు చేసుకోండి. సగం పూట బడి, సగం పూట తండ్రి పని. పెరియార్ దాన్ని కులవిద్య అని పేరు పెట్టి ఉద్యమించాడు. 1954లో రాజాజీ దిగిపోయాక కామరాజ్ ప్రభుత్వం దాన్ని ఎత్తేసింది. 2020 జాతీయ విద్యావిధానం ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలకు పది రోజులు సంచీ లేని బడి పెట్టి వడ్రంగి, కుమ్మరి, తోటమాలి, కళాకారుల దగ్గర పని నేర్చుకోమంటుంది. కాగితం మీద ఇందులో కులం లేదు. కానీ కుమ్మరి దగ్గరికి ఎవరి పిల్లలను పంపుతారు? కిన్నెర ఎవరి చేతికి ఇస్తారు? రెడ్డి పిల్లవాడు డక్కలి కళాకారుడి ముందు శిష్యుడిగా కూర్చుంటే అది విద్య. డక్కలి పిల్లవాణ్ణే పిలిచి, నీ రక్తంలోనే ఉంది కదరా, వాయించు అంటే అది రాజాజీ పథకమే. మనం అడిగే నాటకవిద్యకు మొదటి షరతు ఇది. ఏ వేషమైనా ఏ పిల్లకైనా రావాలి. పుట్టుకను బట్టి ఏ వేషమూ అంటగట్టగూడదు.

ఈ సమస్య మనదొక్కటే కాదు. బ్రెజిల్‌లో నల్లవాళ్ళ పాత్రలను తెల్లవాళ్ళు మొహానికి మసి పూసుకుని వేసే రోజుల్లో, 1944లో, అబ్దియాస్ దో నాసిమెంతో రియో నగరంలో నల్లవాళ్ళ ప్రయోగ నాటక సంఘం పెట్టాడు. ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళు, కూలీలు, మురికివాడల జనం అందులో చేరారు. చాలామందికి చదువు రాదు. కాబట్టి సంఘం మొదట అక్షరాలు నేర్పింది. 1945లో యూజీన్ ఓ'నీల్ నాటకం 'ఎంపరర్ జోన్స్'ను రియో మునిసిపల్ థియేటర్‌లో వేశారు. అక్కడ నాటకం చదువుకు అలంకారంగా రాలేదు. వేషం వేయాలంటే చదవాలి కాబట్టి చదువు వచ్చింది. సంక్రాంతికి, ఎండాకాలానికి తల్లిదండ్రులతో వలసపోయి, తిరిగొచ్చి తరగతిలో వెనకబడ్డ పాలమూరు పిల్లలకు ఈ అనుభవం పనికొస్తుంది. వాచకం చదవలేని ఏడో తరగతి పిల్లవాడు తన పాత్ర మాటలను చదవడానికి పట్టుబట్టడం నాటకం వేయించిన ఏ టీచరైనా చూసే ఉంటాడు.

ఇక చట్టం సంగతి. 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలులోనే ఉంది: ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో వందమందికి మించి పిల్లలున్న బడికి కళావిద్యకు పార్ట్‌టైం ఇన్‌స్ట్రక్టరు ఉండాలి. 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం కోసం తయారైన కళల నివేదిక పదో తరగతిదాకా కళలు తప్పనిసరి కావాలన్నది, అందులో నాటకాన్ని పేరుపెట్టి చెప్పింది. మన దగ్గర కళావిద్య అంటే డ్రాయింగ్ అనే అర్థమే స్థిరపడింది. సమగ్ర శిక్ష కింద పెట్టిన ఇన్‌స్ట్రక్టర్ల బతుకు తాత్కాలికం. 2024 డిసెంబరులో సమగ్ర శిక్ష ఉద్యోగులు సమ్మెకు దిగింది రెగ్యులర్ చేయమనే. పక్కనున్న కర్ణాటకలో ప్రభుత్వ హైస్కూళ్ళకు నాటకం టీచర్లను నియమించారు. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం, తెలుగు విశ్వవిద్యాలయం రంగస్థల కళల్లో పట్టాలిస్తూనే ఉన్నాయి. పట్టా పట్టుకున్న పిల్లలు సీరియళ్ళ చుట్టూ తిరుగుతున్నారు.

కళాకారులకు ఉద్యోగాలివ్వడం ప్రభుత్వానికి తెలియని పనేమీ కాదు. తెలంగాణ వచ్చాక సాంస్కృతిక సారథిలో దాదాపు 550 మందిని తీసుకున్నారు. ధూంధాంలలో గొంతు చించుకున్న పిల్లలకు జీతం రావడం న్యాయమే. కానీ వాళ్ళకు అప్పజెప్పిన పని ఎక్కువగా ప్రభుత్వ పథకాల మీద పాటలు పాడడం. ప్రశ్నించి ఎదిగిన గొంతుకు ప్రచారం పని ఇచ్చారు. అదే గొంతును బడికి పంపితే ఏమయ్యేది అన్న ఆలోచన ఎవరికీ రాలేదు, లేదా వచ్చి భయపడ్డారు.

కాబట్టి బల్మూర్‌లోనైనా, ఇంకెక్కడైనా, యాజమాన్య కమిటీ సమావేశంలో కూర్చునే తల్లిదండ్రులు, దళిత సంఘాలు, టీచర్ల సంఘాలు అడగాల్సింది స్పష్టంగా అడగాలి. కళావిద్య ఇన్‌స్ట్రక్టరు పోస్టుల్లో నాటకాన్ని చేర్చాలి. చిందు, డక్కలి, గోసంగి, బుడగజంగం కళాకారులకు డిగ్రీ అడగకుండా, వాళ్ళ అనుభవాన్నే అర్హతగా తీసుకుని పట్టా ఉన్న యువకులతో జోడీగా పెట్టాలి. టైంటేబుల్‌లో పీరియడ్ ఉండాలి, ఆఖరు పీరియడ్ కాకుండా. జీతం నెలనెలా రావాలి. గణతంత్ర దినం నాడు పిలిచి, మెడలో శాలువా వేసి, వెయ్యి రూపాయల కవరు చేతిలో పెట్టి పంపడాన్ని గౌరవం అనడం మానాలి. మాదిగవాడలో త్యాగం ఇచ్చినప్పుడు కూడా ఆటకు లెక్క ఉండేది, ఎంత ధాన్యం, ఏ ఇల్లు ఎంత అని ముందే మాట్లాడుకునేవాళ్ళు.