వేలిముద్రల హాజరు యంత్రం: గుణదోష విచారణ

కార్యాలయపు గుమ్మంలో ఉద్యోగి వేలు ఆనించగానే యంత్రం అతనిని గుర్తిస్తే సరే. గుర్తించకపోతే ఆనాటి జీతానికే చిక్కు. మనిషి అబద్ధమాడవచ్చునుగాని యంత్రం ఆడదనే వాదం అప్పుడు వినవస్తుంది. ఈ వాదం ఎంతవరకు శాస్త్రసమ్మతమో విచారించవలసి ఉన్నది.

వేలిముద్రను నమ్మడానికి గట్టి ఆధారమే ఉన్నది. 1858లో బెంగాలులోని జంగీపూరులో విలియం హెర్షెల్ ఒక ఒప్పందపత్రంపై గుత్తేదారుని చేతిముద్ర వేయించాడు. 1897లో కలకత్తాలో వేలిముద్రల కార్యాలయం వెలసింది. అక్కడి వర్గీకరణ పద్ధతి రూపొందడంలో అజీజుల్ హక్, హేమచంద్ర బోసుల కృషి ఎంతో ఉన్నది. వేలికొనపై గట్ల అమరిక శిశువు గర్భంలో ఉండగానే ఏర్పడుతుంది. పైచర్మం అరిగినా, లోపలి పొర చెడనంతవరకు అదే అమరిక మళ్ళీ పైకి వస్తుంది. ఇది గుణం.

ఇక దోషం. స్కానర్ ఈ అమరికను నేరుగా చూడదు. గాజును చర్మం తాకిన తీరును మాత్రమే చూస్తుంది. కాంతితో పనిచేసే స్కానర్లో, చాళ్ళలో గాలి ఉన్నచోట కాంతి సంపూర్ణాంతర పరావర్తనం చెంది తెల్లగా కనిపిస్తుంది; గట్టు తాకినచోట అట్లు జరగక నల్లగా కనిపిస్తుంది. గట్టుకూ గట్టుకూ నడుమ దూరం సుమారు అర మిల్లీమీటరు. వేలు పొడిగా ఉంటే గీత తునకలవుతుంది. చెమట ఎక్కువైతే చాళ్ళు నిండి గీతలు కలిసిపోతాయి. ఆ తునకలను గట్ల అంతాలుగాను, ఆ కలయికలను గట్ల చీలికలుగాను యంత్రం పొరబడుతుంది.

బెజవాడ వేసవిలో చెమటకు కొదువ లేదు. ఆటోనగర్ మెకానిక్ చేతికి గ్రీజు, తాపీమేస్త్రి చేతికి సిమెంటు, డెల్టాలో నాట్లువేసే స్త్రీల చేతులకు దినమంతా బురదనీరు. ఎక్కువగా శ్రమించే చేతికే ఎక్కువ తిరస్కారం! 2015లో ఆంధ్రప్రదేశ్ చౌకధరల దుకాణాలకు ఇట్టి యంత్రాలు వచ్చినప్పుడు వృద్ధులు, కూలీలు ఎదుర్కొన్న ఇబ్బంది ఇదే.

అంతేకాదు, రెండు ముద్రలూ ఒకటేనని యంత్రం నిశ్చయంగా చెప్పదు. పోలికను లెక్కగట్టి, అది నిర్ణీతమైన హద్దు దాటితే అంగీకరిస్తుంది. హద్దు పెంచితే అసలు మనిషి తిరస్కృతుడౌతాడు. తగ్గిస్తే పరాయివాడు చొరబడతాడు. ఒక దోషం తగ్గిస్తే రెండవది పెరుగుతుంది. ఆ హద్దును నిర్ణయించేది మనిషే కనుక, నిందను యంత్రంపై నెట్టి తప్పించుకొనుట న్యాయం కాదు. 2022లో రాష్ట్రంలో ఉపాధ్యాయులకు ప్రవేశపెట్టిన ముఖ గుర్తింపు హాజరుకు కూడా ఈ సూత్రమే వర్తిస్తుంది.

నివారణ కష్టం కాదు. గాజును మెత్తని గుడ్డతో తుడుస్తుండాలి. దానిపై నేరుగా ఎండ పడనీయరాదు. వేలికొన మాత్రమే కాక, మెత్తని భాగమంతా ఆనించాలి. గట్టిగా అదిమితే గట్లు అణగి కలిసిపోతాయి. రెండు చేతుల వేళ్ళనూ నమోదు చేయాలి. ముద్ర తరచు తప్పుతున్నవారిని తిరిగి నమోదు చేయాలి.

స్క్రూగేజితో తీగ మందం కొలిచే విద్యార్థి ఒక్క రీడింగుతో తృప్తిపడడు. సున్నాదోషం చూచి, పలుమార్లు కొలుస్తాడు. తీగకు చూపే ఈపాటి జాగ్రత్త మనిషికి చూపనక్కరలేదా? తిరస్కారం కొలతలోని దోషం కావచ్చును. అది గైరుహాజరుకు రుజువు కాదు. కనుక యంత్రం పక్కన సంతకానికి ఒక పుస్తకం ఉండితీరాలి. అది లేనిచోట పెట్టిన యంత్రం ఎంత ఖరీదైనదైనా, ఆ ఏర్పాటు శాస్త్రీయం అనిపించుకోదు.